మైదానంలో ఢీకొట్టడం – ఆటగాళ్ల భద్రత: కోల్‌కతా చెప్పే చరిత్ర

ఫుట్‌బాల్‌లో బంతి కోసం ఇద్దరు ఆటగాళ్లు భుజం భుజం ఒరుసుకుంటూ పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. అది తప్పు కాదు, నిబంధనలు ఒప్పుకున్నదే. మరి ఆట ఎక్కడ ముగిసి, ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది? ఆ రెంటి మధ్య హద్దును ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు? మన దేశంలో ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు వంటి కోల్‌కతా నగర చరిత్ర నుంచి దీనికి జవాబు వెతుకుదాం.

బూట్లు లేని కాలం

1911 జూలై 29న అప్పటి కలకత్తాలో జరిగిన ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్‌లో మోహన్ బగాన్ జట్టు 2-1 తేడాతో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టును ఓడించింది. మోహన్ బగాన్ తరపున ఆడిన పదకొండు మందిలో సుధీర్ ఛటర్జీ ఒక్కరే బూట్లు ధరించారు. మిగిలిన పదిమందీ ఉత్త కాళ్లతోనే ఆడారు. ఇది జాతి గర్వించిన విజయం. అయితే భద్రత దృష్టితో ఒకసారి చూడండి. ఒకవైపు గట్టి తోలు బూట్లు, మరోవైపు రక్షణ లేని కాలివేళ్లు! 1948 లండన్ ఒలింపిక్స్‌లోనూ మనవారిలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ధైర్యాన్ని మెచ్చుకున్న మనం రక్షణను మాత్రం నలభై ఏళ్లు వాయిదా వేశామన్నమాట.

ఒక మొరటు ఆట, పదహారు ప్రాణాలు

1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు లీగ్ మ్యాచ్‌లో తలపడ్డాయి. ఆటలో ఈస్ట్ బెంగాల్ ఆటగాడు దిలీప్ పాలిత్, మోహన్ బగాన్ ఆటగాడు బిదేశ్ బోస్‌ను మొరటుగా అడ్డుకున్నాడు. బిదేశ్ తిరగబడ్డాడు. రిఫరీ ఇద్దరినీ బయటకు పంపాడు. ఆ కోపం ప్రేక్షకులకు పాకింది. రెండు జట్ల అభిమానులూ కలిసి కూర్చున్న గ్యాలరీలో కొట్లాట, ఆపై తొక్కిసలాట జరిగాయి. 16 మంది మరణించారు. మైదానంలో అదుపు తప్పిన ఒక్క క్షణం ఎంత దూరం పోగలదో ఈ దుర్ఘటన చెబుతుంది. అభిమానులను వేరువేరుగా కూర్చోబెట్టడం కూడా భద్రతలో భాగమేనని గుర్తించండి.

దురుద్దేశం లేకున్నా

ఈ రెండు ఉదాహరణలు చూసి, దురుద్దేశం ఉంటేనే ప్రమాదమని అనుకోకండి. 2004 డిసెంబర్ 5న బెంగుళూరులో జరిగిన ఫెడరేషన్ కప్ ఫైనల్‌లో డెంపో జట్టు తరపున ఆడుతున్న బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్, మోహన్ బగాన్‌పై గోల్ కొడుతూనే గోల్‌కీపర్‌తో ఢీకొని కుప్పకూలి మరణించాడు. 2015 ఏప్రిల్ 17న కోల్‌కతాలో ఒక క్లబ్ క్రికెట్ మ్యాచ్‌లో యువ ఆటగాడు అంకిత్ కేశరి క్యాచ్ కోసం పరుగెత్తి, సొంత జట్టు ఆటగాడితోనే ఢీకొన్నాడు. మూడు రోజుల తర్వాత కన్నుమూశాడు. అతని వయసు 20 ఏళ్లు.

ఢీకొట్టడమే ఎత్తుగడ అయితే?

ఫుట్‌బాల్, క్రికెట్‌లలో ఢీకొనడం ఆటలో ముఖ్య భాగం కాదు. మంచుపై ఆడే ఐస్ హాకీలో మాత్రం ప్రత్యర్థిని శరీరంతో ఢీకొట్టి ఆపడం అంగీకరించిన ఎత్తుగడే. దీన్ని బాడీ చెకింగ్ అంటారు. 1968 జనవరిలో ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ మ్యాచ్‌లో బిల్ మాస్టర్టన్ అనే ఆటగాడు ఇలా ఢీకొన్నప్పుడు వెనక్కి పడ్డాడు. హెల్మెట్ లేని తల మంచుకు కొట్టుకుంది. రెండు రోజులకు మరణించాడు. అయినా ఆ లీగ్ కొత్తగా చేరే ఆటగాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది 1979లో! కంటికి కనిపించని వైపు నుంచి వచ్చి తలపై ఢీకొట్టడాన్ని నిషేధించింది 2010లో!

నిబంధనల పరిణామం

ఫుట్‌బాల్ నిబంధనలు ఇప్పుడు తప్పును మూడు మెట్లుగా చూస్తాయి. అజాగ్రత్తకు ఫ్రీ కిక్, ఎదుటివాడికి ఏమవుతుందో లెక్కచేయకపోతే ఎల్లో కార్డు, అవసరానికి మించిన బలం వాడితే రెడ్ కార్డు. అంటే రిఫరీ ముఖ్యంగా చూసేది ఆటగాడి మనసులోని ఉద్దేశాన్ని కాదు, ఎదుటివాడికి కలిగిన ప్రమాదాన్ని. దెబ్బకు మెదడు అదిరిపోవడాన్ని కన్‌కషన్ అంటారు. అలా జరిగిన ఆటగాడి స్థానంలో మరొకరిని దింపడానికి అంతర్జాతీయ క్రికెట్ 2019లో అనుమతించింది. ఫుట్‌బాల్ నిబంధనల్లో ఇందుకోసం అదనపు మార్పిడికి 2024లో శాశ్వతంగా చోటు దక్కింది.

ఈ తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రమాదం ముందు, నిబంధన తర్వాత. మధ్యలో ఏళ్ల తరబడి ఆలస్యం. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు ఆటగాళ్లే. జాగ్రత్త తీసుకుంటే ఆటలో పస తగ్గుతుందన్న వాదన ప్రతి తరంలోనూ వినిపించింది. బూట్లు వచ్చాక ఫుట్‌బాల్ చావలేదు, హెల్మెట్ వచ్చాక ఐస్ హాకీ ఆగలేదు.

రేపు మీ కళాశాల మైదానంలో క్యాచ్ కోసం పరుగెత్తేటప్పుడు "నాది!" అని గట్టిగా కేక వేయండి. తలకు దెబ్బ తగిలిన మిత్రుణ్ణి తిరిగి ఆడమని ప్రోత్సహించకండి, వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. ఈ రెండింటికీ ఏ సంఘమూ నిబంధన రాసేదాకా ఆగనవసరం లేదు.