నీళ్లలో కారు ఆగిపోయిందా? మళ్లీ స్టార్ట్ చేయకండి

వానాకాలం రాత్రి దావత్ నుంచి తిరిగొస్తుంటే రోడ్డు మీద నీళ్లు ఎదురవడం హైదరాబాద్‌లో కొత్త కాదు. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ పరిసరాల్లోని అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబా నగర్ లాంటి చోట్ల ఇళ్లలోకే వరద వచ్చింది. "ముందు బండి దాటింది కదా, మనం కూడా పోదాం" అనుకునే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

ఎంత లోతు ప్రమాదం?

అర అడుగు నీళ్లు చాలా కార్ల అడుగు భాగాన్ని తాకుతాయి, కంట్రోల్ తప్పొచ్చు. అడుగు లోతు వస్తే చాలా బండ్లు తేలడం మొదలుపెడతాయి. రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలను కూడా లాక్కుపోగలదు. బండి తేలితే టైర్లకు పట్టు ఉండదు, బ్రేకు, స్టీరింగ్ ఏదీ పనిచేయదు. పైగా నీళ్ల కింద తెరిచిన మ్యాన్‌హోల్ ఉందో, రోడ్డే కోతకు గురైందో కనపడదు.

ఇంజిన్ ఎందుకు పాడవుతుంది?

ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. ఆ ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది. అందుకే నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దు. తోయించి బయటికి తీయించి, మెకానిక్ చూశాకే స్టార్ట్ చేయాలి. ఎలక్ట్రిక్ కారుకు ఈ సమస్య లేకపోయినా అది కూడా తేలుతుంది. నీళ్లలో మునిగిన బ్యాటరీ జోలికి మీరు పోవద్దు.

ఇన్సూరెన్స్ ఇస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ బండికి జరిగిన వరద నష్టానికి ఒక్క రూపాయి కూడా రాదు. కాంప్రిహెన్సివ్ పాలసీలో వరద నష్టం ఉంటుంది. కానీ నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పోతే, ఆ నష్టం మీరు చేసుకున్నదని మామూలుగా క్లెయిమ్ ఒప్పుకోరు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. ఈసారి రెన్యువల్ అప్పుడు పాలసీ కాగితం ఒకసారి చదవండి, నీళ్లలో దిగిన బండి ఫోటోలు కూడా తీసి పెట్టుకోండి.

చిక్కుకుపోతే ఏం చేయాలి?

నీళ్లు పెరుగుతుంటే సామాన్ల కోసం ఆగొద్దు. సీటు బెల్టు తీసి, పవర్ విండోలు పనిచేస్తున్నప్పుడే అద్దాలు దించండి. బయటి నీళ్ల ఒత్తిడికి డోరు తెరుచుకోకపోవచ్చు. అద్దం పగలగొట్టాల్సి వస్తే పక్క అద్దాన్నే కొట్టండి, ముందు అద్దం తేలిగ్గా పగలదు. పిల్లలను ముందు బయటికి పంపండి. 112కి ఫోన్ చేయండి.

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ పక్క దారి మానుకోండి. పోలీసులు బారికేడ్ పెట్టిన చోట పక్క నుంచి దూరిపోవద్దు.

అరగంట చుట్టు తిరిగినా ఇంటికి చేరతారు. బండి మళ్లీ కొనుక్కోవచ్చు, ప్రాణం మాత్రం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్.