చక్రాన్ని పట్టి ఉంచేది ఏది? కడచీల నుంచి టార్క్ రెంచ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న వస్తువు చరిత్ర చెప్పుకుందాం. కారు చక్రానికి ఉండే నట్.

తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని, అట్నుంచి అలిపిరి మీదుగా కొండెక్కే కార్లు రోజూ ఎన్నో. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మనం బ్రేకుల గురించి భయపడతాం, టైర్ల గురించి భయపడతాం. ఆ చక్రాన్ని బండికి కట్టి ఉంచే నాలుగైదు నట్ల గురించి మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. టైరు మార్పించినప్పుడు "అన్నా, గట్టిగా బిగించినావా?" అంటాం. "బిగించినాలే" అంటాడు. అంతే, బండి బయల్దేరుతుంది.

ఆ 'గట్టిగా' అంటే ఎంత? దానికి ఒక నంబర్ ఉంది. ఆ నంబర్ ఎందుకు పుట్టిందో తెలిస్తే, ఇకపై మీరు ఆ ప్రశ్న ఇంకోలా అడుగుతారు.

మొదట ఎద్దుల బండి దగ్గర మొదలుపెడదాం. ఇరుసు చివర ఒక కన్నం, అందులో దిగ్గొట్టిన ఒక చీల. దాని పేరు కడచీల. చక్రం ఇరుసు మీద వదులుగా తిరుగుతా ఉంటుంది, కడచీల దాన్ని బయటికి జారిపోకుండా అడ్డుకుంటుంది. ఇక్కడ బిగింపు అనే లెక్కే లేదు. చీల ఉందా, లేదా? అంతే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒకటి లేదా సున్నా. కంటితో చూస్తే తెలిసిపోతుంది. పెద్ద రథాలకు బ్రేకు కూడా అంతే. చక్రం కింద చెక్క దిమ్మె పెట్టి ఆపుతారు, దారి మళ్లిస్తారు. అంతా కళ్లముందే జరుగుతుంది.

కారు చక్రం ఇలా ఉండదు. అది బోల్టులకు వేలాడుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్ బిగించినప్పుడు బోల్ట్ రవ్వంత సాగుతుంది. సాగిన రబ్బరు బ్యాండ్ లాగా అది వెనక్కి రావాలని లాగుతుంది. ఆ లాగుడు చక్రాన్ని హబ్‌కి అదిమి పెడుతుంది. ఆ రెండు లోహాల మధ్య పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా ఉంచుతుంది. కడచీల పని అడ్డుకోవడం, బోల్ట్ పని అదమడం. తేడా అక్కడుంది.

ఒక లెక్క వేద్దాం. 12 మిల్లీమీటర్ల బోల్ట్, 110 న్యూటన్ మీటర్ల టార్క్ అనుకోండి. మామూలు పొడి మరకు ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం, ఆ ఒక్క బోల్ట్ సుమారు నాలుగున్నర టన్నుల బలంతో అదుముతుంది. నాలుగు బోల్టులు కలిస్తే 18 టన్నులు! చిన్న కారు బరువే టన్ను, టన్నుంపావు.

ఇంకో విచిత్రం. మనం తిప్పే బలంలో దాదాపు 90 శాతం మరలోనూ నట్ కిందా రాపిడికే పోతుంది. బోల్ట్‌ని సాగదీసేది మిగిలిన పది శాతమే. అందుకే మరకి ఆయిల్ రాస్తే రాపిడి తగ్గి, అదే 110కి అదుము ఆరు టన్నుల దాకా పోవచ్చు. 'తుప్పు పట్టకుండా కొంచెం ఆయిల్ వేస్తే మంచిదే కదా' అనుకుంటాం. కానీ ఇంజనీర్ వేసిన లెక్క మొత్తం అక్కడ మారిపోతుంది.

సరే, టార్క్ రెంచ్ లేని రోజుల్లో జనం ఎలా బిగించారు? దీనికి జవాబు స్పానర్ పొడవులోనే ఉంది. మీ ఇంట్లో స్పానర్ల సెట్ ఉంటే తీసి చూడండి. 8 నంబర్ స్పానర్ పొట్టిగా ఉంటుంది, 24 నంబర్ పొడుగ్గా ఉంటుంది. చిన్న బోల్ట్‌కి పొట్టి పిడి, పెద్ద బోల్ట్‌కి పొడుగు పిడి. మామూలు మనిషి మామూలుగా లాగితే ఆ బోల్ట్‌కి తగినంతే బిగుతు పడాలని అలా పెట్టారు. అంటే మొదటి టార్క్ లిమిట్ ఆ పిడి పొడవులోనే దాగి ఉంది. పాత మెకానిక్ 'చేతికి తెలుస్తుంది' అంటే అది గొప్పలు చెప్పుకోవడం కాదు. అతని చెయ్యి, ఆ స్పానర్ కలిసి ఒక కొలత.

ఆ కొలతని మనమే చెడగొట్టాం. పిడికి పైపు తొడిగి లాగాం, స్పానర్ మీద ఎక్కి నిలబడ్డాం. 60 కిలోల మనిషి పావు మీటర్ వీల్ స్పానర్ చివర ఊరికే నిలబడితే 147 న్యూటన్ మీటర్లు. ఎగిరి దూకితే ఇంకెంతో లెక్కే లేదు. చాలా చిన్న కార్లకు కావాల్సింది 85 నుంచి 120 మధ్యలోనే.

నంబర్ కావాలన్న ఆలోచన కార్ల దగ్గర పుట్టలేదు, నీళ్ల పైపుల దగ్గర పుట్టింది. 1918లో న్యూయార్క్ నగర నీటి విభాగంలో పనిచేసే కాన్రాడ్ బార్, భూమిలోపలి పైపుల బోల్టులు అతిగా బిగించి విరిగిపోకుండా ఉండటానికి టార్క్ రెంచ్ తయారుచేశాడని చెప్తారు. గమనించండి, ఆయన సమస్య వదులు బోల్ట్ కాదు, అతిగా బిగించిన బోల్ట్. 1930ల్లో ఈ పనిముట్టుకు పేటెంట్లు వచ్చాయి, ఇంజన్ల పనిలోకీ చేరింది.

ఇప్పుడు మన కొండకి వద్దాం. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. అంతకుముందు నడక, లేదంటే డోలీ. 1974లో రెండో రోడ్డు వచ్చింది. ఇప్పుడు ఎక్కడానికి ఆ రోడ్డు, దిగడానికి 1944 నాటి పాత రోడ్డు. మలుపులన్నీ ఎక్కువగా ఉండేది దిగే దారిలోనే.

1,200 కిలోల కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఆ శక్తి రెండు యూనిట్ల కరెంటు కన్నా ఎక్కువ. లో గేర్‌లో దిగితే కొంత ఇంజన్ మోస్తుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు అంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే.

నట్లకీ బ్రేకులకీ సంబంధం ఇక్కడే. చాలా కార్లలో ముందు బ్రేకు డిస్క్ చక్రానికీ హబ్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాన్ని అదిమి పట్టేది కూడా ఈ నట్లే. ఒక నట్ 60, పక్కది 200 అయితే డిస్క్ రవ్వంత వంకర తిరుగుతుంది. కొన్నాళ్లకు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. మరీ బిగిస్తే బోల్ట్ శాశ్వతంగా సాగిపోయి బలం కోల్పోతుంది. వదులైతే చక్రం రవ్వంత కదిలి, ప్రతి చుట్టుకీ బోల్ట్ వంగి లేచి, ఒకరోజు విరుగుతుంది. విరిగే రోజు దాకా బయటికేమీ కనిపించకపోవచ్చు. కడచీలకీ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే.

మన జిల్లాలోనే శ్రీసిటీలో 2016లో ఇసుజు కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఈ కాలపు కార్ల ఫ్యాక్టరీల్లో చక్రాల నట్లని కొలిచి బిగించే మెషిన్లు ఉంటాయి, టార్క్ తప్పితే అవే చెప్తాయి. అంత లెక్కగా పుట్టిన బండి, మొదటి పంచర్‌తో గాలి గన్ చేతికి వస్తుంది. 'టర్ర్' అని రెండు సెకన్లు, అయిపోయింది. గన్ తప్పేం కాదు, విప్పడానికి అది బంగారం. కానీ దానికి పిడి లేదు, అంటే చేతికి తెలియడం కూడా లేదు. పాత స్పానర్ పోయింది, కొత్త రెంచ్ రాలేదు. మధ్యలో మనం ఇరుక్కున్నాం.

కాబట్టి కొండకి పోయే ముందు ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. ఒకటి, మీ కారు హ్యాండ్‌బుక్‌లో వీల్ నట్ టార్క్ చూసి ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. రెండు, నట్లు చేత్తో మొదలుపెట్టి, ఎదురెదురుగా బిగించి, జాకీ దించాక చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో చేయమని అడగండి. క్లిక్ అన్నాక ఇంకో గుంజు వద్దు. మూడు, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లారాక మళ్లీ చెక్ చేయించండి. నాలుగు, బ్రేకు కాలిపర్ బోల్టులకు వేరే నంబర్లు ఉంటాయి. కొన్ని వీల్ నట్‌లో మూడో వంతుకే చాలు. వాటికి చక్రం నంబర్ వాడొద్దు.

మెకానిక్‌ని అనుమానించినట్టు కాదు ఇది. 'గట్టిగా బిగించినావా?' అంటే ఎవరైనా అవుననే అంటారు. 'ఎంతకి బిగించినావన్నా?' అని అడగండి. ఆ ప్రశ్న పదిమంది అడిగితే, పదకొండో మనిషి వచ్చేసరికి ఆ షాపులో టార్క్ రెంచ్ ఉంటుంది.

జాగ్రత్తగా వెళ్లి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.