జీనీగా వెంకటేశ్.. సింబాగా నాని! డిస్నీ రీమేక్‌లు తెలుగు మాట్లాడిందిలా..

పాత కార్టూన్ సినిమాలను అసలు నటులతో, గ్రాఫిక్స్‌తో మళ్లీ తీయడం డిస్నీకి కొత్తేం కాదు. ఈ రీమేక్‌లలో రెండు మన స్టార్ల గొంతుతో తెలుగులోకి వచ్చాయి. రెండూ 2019లోనే రిలీజయ్యాయి.

అల్లాద్దీన్: 1992 నాటి కార్టూన్ సినిమాకు ఇది రీమేక్. గై రిచీ డైరెక్టర్. 2019 మే 24న విడుదలైంది. జీనీగా విల్ స్మిత్ నటిస్తే, తెలుగులో వెంకటేశ్ డబ్బింగ్ చెప్పారు. అల్లాద్దీన్‌కు వరుణ్ తేజ్ గొంతిచ్చారు. అదే ఏడాది సంక్రాంతికి ‘ఎఫ్2’లో నవ్వించిన జోడీ ఇదే. ఈ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1957లోనే అక్కినేని హీరోగా ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ వచ్చింది.

ది లయన్ కింగ్: 1994 నాటి సినిమాకు రీమేక్. జాన్ ఫావ్రూ తీశారు. 2019 జులై 19న వచ్చింది. సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ డబ్బింగ్ చెప్పారు. ముఫాసా గొంతు రవిశంకర్‌ది. ‘అరుంధతి’లో సోనూసూద్‌కు డబ్బింగ్ చెప్పింది ఈయనే.

ఇది నిజంగా లైవ్ యాక్షనేనా?
‘అల్లాద్దీన్’ అవును. ‘లయన్ కింగ్’ మాత్రం దాదాపు మొత్తం కంప్యూటర్ గ్రాఫిక్సే. కెమెరాతో తీసిన షాట్ ఒక్కటేనని, అది మొదట్లో వచ్చే సూర్యోదయమని ఫావ్రూనే చెప్పారు.

డబ్బింగ్‌లో కష్టం ఎక్కడంటే..
తెరమీద మనిషి మొహం ఉంటే పెదాల కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. ప, బ, మ లాంటి అక్షరాలు పలకాలంటే పెదాలు కలవాల్సిందే. ఇంగ్లిష్ డైలాగ్‌లో పెదాలు కలిసిన చోటే తెలుగు మాటలోనూ కలిసేలా చూసుకోవాలి. అర్థం పోకూడదు, జోకు పేలాలి, నిడివి కూడా సరిపోవాలి. జీనీలా గడగడా మాట్లాడే పాత్రకు ఇది ఇంకా కష్టం.

పిల్లలకు ఎందుకు ముఖ్యం?
మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల లాంటి ఊళ్లలో చిన్నపిల్లలు వేగంగా వచ్చే ఇంగ్లిష్ మాటలు అందుకోవడం కష్టం. సబ్‌టైటిల్స్ చదివేలోపు సీన్ దాటిపోతుంది. తెలుగులో వస్తే పక్కన కూర్చుని ఎవరూ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. నానమ్మ, మనవడు ఒకే జోకుకు కలిసి నవ్వొచ్చు.

2024 డిసెంబర్‌లో ‘లయన్ కింగ్’కు ముందు కథగా వచ్చిన ‘ముఫాసా’కు మహేశ్‌బాబు గొంతిచ్చారు. కాబట్టి థియేటర్లో టికెట్ తీసుకునే ముందు ఏ భాష షోనో చూసుకోండి. ఫోన్‌లో చూస్తుంటే ఆడియో సెట్టింగ్స్‌లో తెలుగు ఉందేమో ఓసారి చెక్ చేయండి.