స్థూల రాష్ట్రోత్పత్తిలో సేవా రంగం (ఆంధ్రప్రదేశ్)

ఒక సంవత్సరంలో రాష్ట్రంలో ఉత్పత్తి అయిన వస్తువులు, సేవల అంతిమ విలువను స్థూల రాష్ట్రోత్పత్తి అంటారు. ఇందులో వ్యాపారం, రవాణా, బ్యాంకులు, విద్య, వైద్యం, ప్రభుత్వ పాలన మొదలైనవి సేవా రంగం క్రిందికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్ అంచనాలను రాష్ట్ర అర్థ గణాంక శాఖ తయారు చేస్తుంది. రైల్వేల వంటి పలు రాష్ట్రాలకు వ్యాపించిన సేవలను మాత్రం జాతీయ గణాంక కార్యాలయం లెక్కించి రాష్ట్రాలకు పంచుతుంది.

లెక్కించే విధానం

రాబడి మొత్తాన్ని కాక, కొన్న సరుకులు, సేవల ఖర్చు పోగా మిగిలిన 'జోడించిన విలువ'ను మాత్రమే కలుపుతారు. పెద్దపంజాణి రైతు టమాటాలను మదనపల్లె మార్కెట్టుకు పంపితే పంట విలువ వ్యవసాయ రంగానిది. లారీ బాడుగలో డీజిలు, మరమ్మతుల ఖర్చు పోగా మిగిలినది సేవా రంగానిది. తిరుమల యాత్రికుల ఖర్చు 'పర్యాటకం' అనే ఒకే పద్దులో కనబడదు; రవాణా, హోటళ్ళు, వ్యాపారం పద్దులలో చెదరి ఉంటుంది.

ప్రభుత్వ పాఠశాలలో బోధనకు అమ్మకపు ధర లేదు. కనుక ఉపాధ్యాయుల జీతాలు, భవనాల తరుగుదల మొదలైన ఖర్చులనే దాని విలువగా తీసుకుంటారు. పిల్లలు ఎంత నేర్చుకున్నారన్నది ఈ అంకెలో కనబడదు.

పద్దు పుస్తకాలు లేని చిల్లర దుకాణాలు, ఆటోల విషయంలో, నమూనా సర్వేలో తేలిన ఒక్కొక్క పనివాని సగటు విలువను పనివారి సంఖ్యతో హెచ్చవేస్తారు. 2015లో ప్రవేశపెట్టిన 2011-12 ఆధార సంవత్సరపు శ్రేణికి మూలమైన సర్వే 2010-11 నాటిది. తరువాతి సంవత్సరాల వ్యాపార విలువను అమ్మకపు పన్ను వంటి సూచికలను బట్టి పెంచుతూ వచ్చారు. పన్ను పరిధిలోకే రాని చిన్న అంగడి దెబ్బతిన్నా ఆ సూచిక తగ్గదు. 2016 నోట్ల రద్దు నాటి నష్టం లెక్కకు సరిగా అందలేదని పలువురు ఆర్థికవేత్తలు విమర్శించినది ఇందుకే.