తిరుగు టికెట్టు

(ఎవరి పేరూ చెప్పడం లేదు. ఇలాంటి ఇళ్లలో జరిగేవన్నీ కలిపి అల్లిన గాథ ఇది.)

"ఎక్కేటప్పుడు కాదురా, దిగేటప్పుడే ప్రాణం పోతోంది."

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొడుకింట్లో ఆవిడ ఈ మాట చాలాసార్లే అంది. ఆ రాత్రి మాత్రం మేడ మెట్ల మీద కూర్చుని, చేతులు ఆనించి ఒక్కో మెట్టూ జరుగుతూ తల్లి కిందికి దిగడం కొడుకు కళ్లారా చూశాడు.

పుట్టిల్లు తాడేపల్లి. మెట్టినింట మిరప చేలు. గొంతుక్కూర్చుని కాయ కోయడం, కల్లంలో తాలుకాయలు ఏరడం, తెల్లారుజామునే గేదె కింద చెంబు పట్టుకుని కూర్చోవడం. అలా ఏళ్ల తరబడి మడిచిన మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయింది. ఎముకకు ఎముక రాసుకుంటోంది.

ఆవిడకు గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కాలేదు. 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వమిచ్చే మెడికేర్, తనో జీవిత భాగస్వామో పదేళ్లు అక్కడ పనిచేసి పన్ను కట్టి ఉంటే తప్ప ఉచితంగా రాదు. డబ్బు పెట్టి కొనుక్కోవాలన్నా ఐదేళ్లు వరుసగా అక్కడే ఉండాలి. ప్రైవేటు బీమా ప్రీమియం కొడుకు మోయలేడు. బీమా లేకుండా ఒక్క మోకాలు మార్పించుకుంటే ముప్పై వేల డాలర్లు దాటడం అక్కడ మామూలే.

"తాడేపల్లి పోదాం పదరా. పెద్దాసుపత్రి మన గుమ్మంలోనే ఉంది," అంది ఆవిడ. నిజమే. విజయవాడ నుంచి కనకదుర్గ వారధి దిగితే ఎదురయ్యేది మణిపాల్ ఆసుపత్రి. ఇంకాస్త ముందుకెళ్తే మంగళగిరి ఎయిమ్స్.

ఒకప్పుడు డాక్టరే అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు. 2000 అక్టోబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఎడమ మోకాలు మార్చడానికి డాక్టర్ చిత్తరంజన్ రణావత్ న్యూయార్క్ నుంచి ముంబై బ్రీచ్ కాండీ ఆసుపత్రికి వచ్చారు. మరుసటి ఏడాది కుడి మోకాలూ ఆయనే మార్చారు. మోకాలు కూడా మార్చొచ్చని మన పల్లెల్లో చాలామందికి తెలిసింది అప్పుడే. ఆ తర్వాత ఈ విద్య ఇటు మళ్లింది. బాపట్ల బిడ్డ డాక్టర్ గురవారెడ్డి ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చి, సికింద్రాబాద్‌లో సన్‌షైన్ ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడు ఈ ఆపరేషన్ కోసం తెలుగువాళ్లు ఎటూ పోనక్కర్లేదు. పోయినవాళ్లే వెనక్కి వస్తున్నారు.

ఇక్కడ చవక కావడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వూ కారణమే. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. సగటున 1,58,324 రూపాయలున్న కోబాల్ట్ క్రోమియం రకం, జీఎస్టీ కాకుండా, 54,720కి దిగింది. ఆ ఉత్తర్వు వల్ల ఎందరు రైతుకూలీ తల్లులు మళ్లీ లేచి నడిచారో! ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో దాన్ని పైవరసలోనే పెడతాను.

తల్లీకొడుకులు తాడేపల్లి వచ్చారు. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూశారు. ముందు కుడికాలు చేద్దామన్నారు. ఆపైన అడిగారు.

"తిరుగు టికెట్టు ఎప్పటికి?"

"మూడో వారానికండీ. నాకు సెలవు అంతే," అన్నాడు కొడుకు.

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టేశారు. మోకాలు మార్చాక కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. "మూడు నెలలు ఉండగలిగితేనే చేస్తాను," అన్నారాయన.

ఆ రాత్రి ఇంట్లో రభస. "ఉద్యోగం పోతే ఇంటి వాయిదాలు ఎవరు కడతారమ్మా?"

"నువ్వెళ్లు. నాకు చెల్లెలుంది."

ఒంగోలు దగ్గర నుంచి చెల్లెలు గుడ్డల సంచీతో దిగింది. ఆపరేషన్ అయ్యాక అక్క నొప్పి చూడలేక మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది. ఫిజియోథెరపీ కుర్రాడు రాగానే దాన్ని లాగేశాడు.

"పిన్నిగారూ, హాయిగా ఉంటుందని దిండు పెడితే కాలు వంకరగానే బిగుసుకుపోతుంది. దుప్పటి చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలు గాల్లో ఉండాలి."

మడమ కింద చుట్ట పెట్టగానే అక్క పళ్లు బిగబట్టింది. చెల్లెలు మొహం తిప్పుకుంది, కానీ చుట్ట తీయలేదు. రోజూ రెండుపూటలా అదే పని. ప్లాస్టిక్ కొలబద్దతో కుర్రాడు వంపు కొలిచేవాడు. తొంభై డిగ్రీలు దాటిన రోజు చెల్లెలు పాయసం చేసింది.

చవక వైద్యం అంటూ వచ్చే ప్రకటనల్లో గది అద్దె ఉంటుంది, ఇంప్లాంటు ధర ఉంటుంది. ఈ చెల్లెలు ఏ ప్యాకేజీలోనూ ఉండదు. పొలం వదిలి, ఇల్లు వదిలి వచ్చి రాత్రిళ్లు మేలుకున్న మనిషి కష్టాన్ని ఎవరూ లెక్క కట్టరు. అలాంటి మనిషి లేనివాళ్లు డాలర్లు మిగిలాయని ఆపరేషన్ చేయించుకుని, వంగని కాలుతో విమానం ఎక్కుతున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

మూడు నెలలు దాటాయి. ఎడమకాలు మళ్లీ ఏడాదికి వాయిదా వేశారు. ఇంప్లాంటు వివరాల స్టిక్కర్లు అంటించిన డిశ్చార్జి ఫైలు చేతిసంచీలో పెట్టుకుంటుండగా కొడుకు ఫోను చేశాడు. తన అత్తగారికీ మోకాళ్ల నొప్పులట, రెండు వారాల్లో అయిపోతుందా అని అడిగాడు.

"పంపించరా, నేను చెబుతా," అంది ఆవిడ. "ముందు ఆవిడ దగ్గర ఎవరుంటారో చూసుకో. టికెట్టు తర్వాత కొందువుగాని."