పది లైన్ల మెయిల్ స్క్రిప్ట్, దానికి పడిన తాళాలు

బీటెక్ ఫైనల్ ఇయర్ వాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మెయిల్ పంపడానికి పైథాన్‌లో పది లైన్ల స్క్రిప్ట్ రాశాను. జీమెయిల్ పాస్‌వర్డ్ కరెక్ట్‌గానే ఇచ్చాను. అయినా 535 అని ఎర్రర్ కొడుతోంది. తప్పెక్కడ?" మీ కోడ్ బాగానే ఉంది. మీరు పుట్టకముందు కొంతమంది చేసిన పనుల వల్ల పడిన తాళం అది. దాన్ని ఎలా తెరవాలో చివర్లో చెప్తా. ముందు అది ఎందుకు పడిందో చూద్దాం. ఎందుకంటే ఆ సంగతి తెలియకుండా లూప్ రాసి 500 మంది హెచ్ఆర్‌లకి రెజ్యూమె కొడితే, బ్లాక్ అయ్యేది మీ అకౌంటే.

1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీర్ ఆర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మెసేజ్ పంపాడు. పేరుకీ కంప్యూటర్‌కీ మధ్య ఆ గుండ్రటి 'యాట్' గుర్తు పెట్టింది ఆయనే. ఈ కథ మీరు వినే ఉంటారు, ముందుకి వెళ్దాం.

పెద్దగా ఎవరూ చెప్పని సంగతి 1975 నాటిది. జాన్ పోస్టెల్ అనే ఆయన 'జంక్ మెయిల్ సమస్య గురించి' అని ఒక చిన్న నోట్ రాశాడు. నంబర్ ఆర్ఎఫ్‌సీ 706. ఎవరైనా అక్కర్లేని మెసేజ్‌లు వరసగా పంపిస్తూ పోతే, అందుకునే కంప్యూటర్‌కి "నాకొద్దు" అని చెప్పే దారి లేదు అన్నది దాని సారాంశం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మూడేళ్ళకే, 1978 మే నెలలో, ఆయన భయపడింది జరిగింది. డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చేసే గ్యారీ థర్క్, కాలిఫోర్నియాలో కొత్త మెషీన్ల డెమో పెట్టుకున్నాడు. ఆర్పానెట్ వాడేవాళ్ళ అడ్రస్‌లు అప్పట్లో అచ్చు పుస్తకంగా ఉండేవి, మన పాత టెలిఫోన్ డైరెక్టరీలాగా. అందులోంచి దాదాపు 400 అడ్రస్‌లు తోటి ఉద్యోగి చేత టైప్ చేయించాడు. స్క్రిప్టూ లేదు, లూపూ లేదు, అంతా చేత్తోనే. అన్ని అడ్రస్‌లు పైన పట్టక మిగిలినవి లెటర్ లోపలికి పొర్లిపోయాయి. నెట్‌వర్క్ అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచేది కాబట్టి గట్టిగానే చీవాట్లు పడ్డాయి. థర్క్ మాత్రం ఆ ఒక్క మెయిల్ వల్ల కోట్ల డాలర్ల మెషీన్లు అమ్ముడుపోయాయని తర్వాత చెప్పుకున్నాడు. తిట్లు ఫ్రీ, సేల్స్ నిజం అన్నమాట. ఇంక ఎవరు ఆగుతారు?

ఇప్పుడు 1982కి రండి. మెయిల్ ఎలా పంపాలో రూల్స్ రాసి ఎస్ఎంటీపీ అని పేరు పెట్టారు. ఆర్ఎఫ్‌సీ 821. రాసింది ఎవరు? అదే జాన్ పోస్టెల్.

ఎస్ఎంటీపీ చూడ్డానికి ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. మీరు సర్వర్‌కి 'హెలో' అంటారు. కమాండ్లన్నీ నాలుగు అక్షరాలే ఉండాలి కాబట్టి అందులో ఒకే ఒక 'ఎల్' ఉంటుంది. సర్వర్ 250 అంటుంది, అంటే ఓకే. ఫలానా వాళ్ళ నుంచి అంటారు, 250. ఫలానా వాళ్ళకి అంటారు, 250. 'డేటా' అంటారు, 354, అంటే చెప్పు వింటున్నా అని. విషయమంతా రాసి, చివర ఒక లైన్‌లో ఒట్టి చుక్క పెడతారు. 250. పని పూర్తి. ఈ మొత్తం సంభాషణలో "అసలు నువ్వెవరు?" అని సర్వర్ ఒక్కసారి కూడా అడగలేదు చూశారా? ఫ్రమ్ దగ్గర మీరు మీ ప్రిన్సిపాల్ పేరు రాసినా అదే 250.

పోస్టెల్‌కి తెలియక కాదు. అప్పటి నెట్‌వర్క్ చిన్నది. యూనివర్సిటీలు, ల్యాబ్‌లు, ఎక్కువ శాతం ఒకరికొకరు తెలిసినవాళ్ళు. ఊళ్ళో తలుపులకి గడియ పెట్టకుండా పడుకున్న రోజుల్లో రాసిన రూల్ అది. అప్పటికి అది సరైన నిర్ణయమే అని నా అభిప్రాయం. తాళాలతో మొదలుపెట్టి ఉంటే ఈమెయిల్ ఇంతమందికి చేరేది కాదేమో.

మనం చిన్నప్పుడు చూసిన ఒక సంగతి చెప్తా. గుడి దగ్గర కరపత్రం ఇస్తారు. దేవుడి మహిమ ఏదో రాసి ఉంటుంది, కింద "ఇది చదివి వెయ్యి కాపీలు వేయించి పంచితే శుభం, పంచకపోతే కష్టం" అని. నమ్మినవాడు కూడా వెయ్యి కాపీలకి ప్రెస్ వాడికి డబ్బులు కట్టాలి. ఆ ఖర్చే దానికి బ్రేక్. ఈమెయిల్‌లో ఆ బ్రేక్ లేదు. ఒక మెయిల్‌కైనా వెయ్యి మెయిల్స్‌కైనా పంపేవాడికి ఖర్చు దాదాపు ఒకటే. డిలీట్ చేసుకునే టైమ్, సర్వర్లలో స్థలం మాత్రం అందుకునేవాళ్ళవి.

ఆటోమేషన్‌ని తిడుతున్నా అనుకోకండి. యూనిక్స్ సిస్టమ్స్‌లో క్రాన్ అని ఒకటి ఉంటుంది, చెప్పిన టైమ్‌కి చెప్పిన పని చేసి రిజల్ట్‌ని మెయిల్ చేస్తుంది. డిస్క్ నిండుతోందని, బ్యాకప్ ఫెయిల్ అయిందని రాత్రి రెండింటికి మెయిల్ పంపి ఎన్ని ఉద్యోగాలు కాపాడిందో లెక్కలేదు.

లూప్ జనాల మీద పడింది 1994 ఏప్రిల్‌లో. గ్రీన్ కార్డ్ అన్న మాట తెలియని తెలుగు ఇల్లు ఇప్పుడు తక్కువే కదా, ఈ కథ దాని గురించే. అరిజోనాలో లారెన్స్ క్యాంటర్, మార్తా సీగెల్ అని భార్యాభర్తలు, ఇద్దరూ లాయర్లు. గ్రీన్ కార్డ్ లాటరీకి అప్లై చేసిపెడతాం, ఫీజు ఇవ్వండి అని ఒక యాడ్ రాశారు. ఒక ప్రోగ్రామర్ చేత పెర్ల్‌లో స్క్రిప్ట్ రాయించి యూజ్‌నెట్‌లో వదిలారు. యూజ్‌నెట్ అంటే అప్పటి చర్చా గ్రూపులు. 5,000 పైచిలుకు గ్రూపుల్లో అదే యాడ్ పడింది. వంటల గ్రూప్ తెరిచినా అదే, గణితం గ్రూప్ తెరిచినా అదే. తిడుతూ వచ్చిన మెయిల్స్ దెబ్బకి వాళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీ సర్వర్లు కూలిపోయాయి. అసలు అప్పట్లో ఆ లాటరీకి ఎవరికి వాళ్ళే పైసా ఫీజు లేకుండా ఉత్తరం రాసి అప్లై చేసుకునే వీలుండేది. పైగా భారత్‌లో పుట్టినవాళ్ళకి ఆ లాటరీలో అర్హతే లేదు, యాడ్‌లోనే ఆ సంగతి ఉంది. అయినా మన కుర్రాళ్ళు చదువుకునే గ్రూపుల్లోనూ అది పడింది, ఎందుకంటే లూప్‌కి చదివేవాడెవడో అక్కర్లేదు. వాళ్ళు క్షమాపణ చెప్పలేదు సరికదా, ఇంటర్నెట్‌లో డబ్బు సంపాదించడం ఎలా అని పుస్తకం రాశారు.

ఇక 2000 మే 4. ఆఫీసుల్లో మెయిల్ తెరిచేసరికి సబ్జెక్ట్‌లో 'ఐ లవ్ యూ'. లోపల ప్రేమలేఖ అని ఒక ఫైల్. చూడ్డానికి మామూలు టెక్స్ట్ ఫైల్, కానీ అసలు పేరు చివర డాట్ వీబీఎస్ అని ఉంది. విండోస్ ఆ తోకని దాచేసి చూపించేది. క్లిక్ చేస్తే స్క్రిప్ట్ నడిచి, మీ అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ మీ పేరుతోనే అదే మెయిల్ పంపేది, ఫైళ్ళూ పాడుచేసేది. బ్రిటన్ పార్లమెంట్ మెయిల్ సర్వర్ ఆపుకోవాల్సి వచ్చింది. ఎంత మందికి చేరిందన్నది పక్కన పెట్టండి. మెయిల్ వచ్చింది తెలియని వాడి దగ్గర్నుంచి అయితే ఎవరూ తెరిచేవాళ్ళు కాదు. వచ్చింది పక్క సీట్లో కొలీగ్ నుంచి, మేనేజర్ నుంచి. థర్క్ తన పేరుతో పంపాడు, లాయర్లు తమ పేరుతో పంపారు. ఈ స్క్రిప్ట్ మాత్రం మీ పేరు వాడుకుంది.

రాసింది మనీలాలో ఒనెల్ డి గుజ్మన్ అనే 24 ఏళ్ళ కుర్రాడు. ఇతరుల ఇంటర్నెట్ పాస్‌వర్డ్‌లు కొట్టేసే ప్రోగ్రామ్‌ని కాలేజీ థీసిస్‌గా పెడితే కాలేజీ వాళ్ళు ఒప్పుకోలేదు. ఇంటర్నెట్ ఖరీదు భరించలేక అలా చేశానని చాలా ఏళ్ళ తర్వాత 2020లో ఒక జర్నలిస్ట్‌కి చెప్పాడు. శిక్ష పడలేదు. ఆ రోజుకి ఫిలిప్పీన్స్‌లో అలాంటి పనిని నేరం అనే చట్టమే లేదు. నెల తర్వాత చట్టం తెచ్చారు, కానీ పాత పనికి కొత్త చట్టం వర్తించదు కదా.

తాళాలు ఒక్కొక్కటిగా పడుతూ వచ్చాయి. పంపే ముందు లాగిన్ అవ్వాలన్న రూల్ 1999లో వచ్చింది, అంటే "నువ్వెవరు" అని అడగడానికి 17 ఏళ్ళు పట్టింది. ఏదో ప్రోగ్రామ్ మీ అడ్రస్ బుక్ తెరుస్తోంది, ఒప్పుకుంటారా అని అవుట్‌లుక్ అడగడం 'ఐ లవ్ యూ' తర్వాతే. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది ఎస్పీఎఫ్, మెయిల్ మీద డొమైన్ సంతకం డీకిమ్, ఈ రెండూ ఫెయిలైతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2022 మే 30 నుంచి గూగుల్ బయటి యాప్‌లకి మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ ఆపేసింది. మీ 535 ఎర్రర్ పుట్టినరోజు అదే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకి 5,000 దాటి పంపేవాళ్ళకి పై మూడూ తప్పనిసరి, ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ కూడా ఉండాలి.

తాళాలన్నీ దొంగల కోసమే. వాటిలో ఏదీ పొరపాటుని ఆపదు. 2021 జూన్‌లో హెచ్‌బీఓ మ్యాక్స్ కస్టమర్లకి 'ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ 1' అని మెయిల్ వెళ్ళింది. లాగిన్, సంతకం అన్నీ పక్కాగానే ఉన్నాయి. పంపింది మా ఇంటర్న్ అని కంపెనీయే నవ్వుతూ చెప్పింది. ప్రపంచంలోని సీనియర్లందరూ ఆ ఇంటర్న్‌కి ధైర్యం చెప్తూ తాము చేసిన ఘనకార్యాలు బయటపెట్టారు. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన రోజు అదే.

సరే, మీ స్క్రిప్ట్ సంగతి. గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి, 16 అక్షరాలు వస్తాయి. దాన్ని కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టకండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచండి. మామూలు జీమెయిల్‌కి రోజుకి 500 దాకానే. ముందు 'సెండ్' లైన్ తీసేసి అక్కడ 'ప్రింట్' పెట్టి లూప్ మొత్తం నడిపి చూడండి, తర్వాత మీ అడ్రస్‌కే ఒకటి పంపుకోండి. రెజ్యూమె ఎవరికి వాళ్ళకి విడిగా పంపండి. 200 మంది హెచ్ఆర్‌లని ఒకే 'టు'లో పెడితే థర్క్ మెయిల్‌లాగే అందరి అడ్రస్‌లూ అందరికీ కనిపిస్తాయి, పైవాడెవడో 'రిప్లై ఆల్' కూడా కొడతాడు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో డీకిమ్ సంతకం లోపల ఏం జరుగుతుందో ఒక నిజం మెయిల్ హెడర్ తెరిచి చూపిస్తా. అప్పటిదాకా బై.