రెండేళ్ల పాలు: ఇస్లామీయ చరిత్రలో తల్లీబిడ్డల సంరక్షణ

దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరాలో విడాకుల నియమాలు వివరించబడిన చోటనే, 233వ ఆయత్‌లో, పాలు తాగే పసిబిడ్డ ప్రస్తావన వస్తుంది. దంపతుల బంధం తెగిపోయే సమయంలో అందరికంటె ముందు అన్యాయానికి గురయ్యేది మాట రాని పసికందే గనుక, ఆ ప్రస్తావన అక్కడ రావటం ఎంతో సముచితం. పాలివ్వటాన్ని పూర్తి చేయదలచిన వారికి రెండు నిండు సంవత్సరాల గడువును ఆ ఆయత్ నిర్ణయించింది. ఆ కాలమంతా తల్లి తిండి, బట్టల భారాన్ని బిడ్డ తండ్రిపై ఉంచింది. గడువుకు ముందే పాలు మాన్పించదలిస్తే తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకొని, ఉభయుల సమ్మతితో ఆ పని చేయవచ్చునన్నది. అవసరమైతే తగిన ప్రతిఫలమిచ్చి దాది చేత పాలిప్పించుకోవటానికి కూడా అనుమతినిచ్చింది. ఈ నియమాలన్నిటి నడుమ ఒక మూలసూత్రాన్ని నిలిపింది: బిడ్డ కారణంగా తల్లికి గాని, తండ్రికి గాని నష్టం కలగరాదు.

'నష్టం కలగరాదు' అన్న ఈ సూత్రం కేవలం విడిపోయిన దంపతుల తగవు తీర్చటానికే పరిమితం కాలేదు. గర్భిణుల, బాలింతల, శిశువుల విషయంలో ఏ సలహా మంచిది, ఏది కాదు అని తేల్చుకోవటానికి అది ఒక గీటురాయిగా నిలిచింది. ఇస్లామీయ చరిత్రలోని కొన్ని ఘట్టాలను పరిశీలిస్తే ఈ సంగతి విశదమవుతుంది.

ప్రవక్త (స) కాలంలో

గర్భధారణను ఖుర్ఆన్ ఒక కష్టంగా గుర్తించింది. తల్లి బలహీనతపై బలహీనత భరిస్తూ బిడ్డను మోస్తుందని లుఖ్మాన్ సూరా (14వ ఆయత్) తెలియజేస్తున్నది. గర్భం, పాలు మాన్పించటం కలిపి ముప్పది మాసాలని అహ్‌ఖాఫ్ సూరా (15వ ఆయత్) చెప్పింది. ఈ ముప్పది మాసాల నుండి పాలిచ్చే ఇరువది నాలుగు మాసాలను తీసివేసి, గర్భధారణకు కనీస కాలం ఆరు మాసాలని ధర్మవేత్తలు నిర్ధారించారు.

కష్టాన్ని గుర్తించిన ధర్మం దానికి తగిన వెసులుబాటును కూడా కల్పించింది. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ అల్లాహ్ ఉపవాసం విషయంలో సడలింపునిచ్చాడని దైవప్రవక్త (స) తెలిపినట్లు అనస్ బిన్ మాలిక్ అల్-కాబీ (రజి) ఉల్లేఖనం సునన్ గ్రంథాల్లో ఉన్నది. తనకు గాని, బిడ్డకు గాని హాని కలుగుతుందని భయపడే స్త్రీ ఉపవాసం మానవచ్చును. ఆ తర్వాత వీలైనప్పుడు ఆ ఉపవాసాలను పూర్తి చేసుకోవాలి. హనఫీ మజ్‌హబ్ ప్రకారం ఆమెపై ఈ 'ఖజా' తప్ప వేరే పరిహారం లేదు. బిడ్డ కొరకే భయపడి మానిన పక్షంలో ఖజాతో పాటు పేదలకు అన్నదానం కూడా ఉండాలని షాఫియీ, హంబలీ ధర్మవేత్తలు అన్నారు. అభిప్రాయభేదం పరిహారం గురించే గాని, సడలింపు గురించి కాదు.

మరొక ఉదంతం ఇంకా గమనార్హమైనది. పాలిచ్చే రోజుల్లో స్త్రీ దాంపత్య జీవితం గడిపినా, మళ్లీ గర్భవతి అయినా ఆ పాలు తాగే బిడ్డ చెడిపోతుందని అరబ్బుల్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. దీనిని వారు 'గీలా' అనేవారు. దైవప్రవక్త (స) దీనిని నిషేధించాలని ఒక సమయంలో తలచారు. అయితే రోము, పర్షియా ప్రజలు అలాగే చేస్తున్నారనీ, దానివల్ల వారి బిడ్డలకు నష్టమేమీ కలగటం లేదనీ గమనించి ఆ తలంపు మానుకున్నారు. జుదామా బిన్త్ వహబ్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఇక్కడ రెండు విషయాలు తెలుస్తున్నాయి. ఒకటి, తరతరాల నమ్మకం అన్నంత మాత్రాన అది నిషేధానికి ఆధారం కాలేదు. రెండు, బిడ్డల ఆరోగ్యం విషయంలో ముస్లిమేతర జాతుల అనుభవం సయితం సాక్ష్యంగా స్వీకరించబడింది.

ఖలీఫా తన ఆజ్ఞను మార్చుకున్న రాత్రి

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో (క్రీ.శ. 634-644) బైతుల్‌మాల్ నుండి ప్రజలకు భత్యాలు చెల్లించటానికి 'దీవాన్' అనే పట్టిక తయారయింది. మొదట పసిపిల్లలకు పాలు మాన్పించిన తర్వాతనే భత్యం ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఇబ్ను సఅద్ తన 'తబఖాత్'లో నమోదు చేసిన వృత్తాంతం ఇది.

ఒకసారి వర్తకుల బిడారు ఒకటి మదీనా చేరి నమాజు మైదానంలో విడిది చేసింది. ఉమర్ (రజి), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆ రాత్రి దానికి కాపలా కాస్తున్నారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఉమర్ (రజి) వెళ్లి, బిడ్డను జాగ్రత్తగా చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. ఏడుపు ఆగలేదు. రెండవసారీ వెళ్లి చెప్పారు. తెల్లవారుజామున మళ్లీ ఏడుపు విని, ఆమెను మంచి తల్లివి కావని మందలించారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఎరుగని ఆ స్త్రీ విసిగిపోయి అసలు సంగతి చెప్పింది. బిడ్డ చేత బలవంతాన పాలు మాన్పిస్తున్నానని, పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తాడని, బిడ్డ వయసు ఇంకా కొద్ది మాసాలేనని తెలిపింది.

ఆనాటి ఫజర్ నమాజులో దుఃఖం వల్ల ఆయన పఠనం వెనుక ఉన్నవారికి సరిగా వినిపించలేదట. నమాజు ముగిసిన తర్వాత, తన నియమం వల్ల ఎందరు ముస్లిం బిడ్డలు బలయ్యారోనని ఆయన వాపోయారు. పాలు మాన్పించటానికి తొందరపడవద్దని, ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందని చాటింపు వేయించి, అన్ని ప్రాంతాలకూ ఉత్తర్వులు పంపారు.

ఈ వృత్తాంతాన్ని ఖలీఫా దైవభీతికి ఉదాహరణగా చెప్పటం పరిపాటి. కాని ఇందులో మరొక పాఠం ఉన్నది. ఆ తల్లికి తెలియనిదేమీ లేదు. పాలు బిడ్డకు మంచివని ఆమె ఎరుగును. రెండుసార్లు ఆమెకు అందినది హితబోధ మాత్రమే. ఆమెకు కావలసినది బ్రతుకుతెరువు. హితబోధ ఆమెను మార్చలేదు గాని, ఆమె మాట ఖలీఫాను మార్చింది. లోపం తల్లిలో లేదని, నియమంలో ఉన్నదని గ్రహించిన వెంటనే నియమాన్నే సరిదిద్దారు.

వైద్యుల గ్రంథాలు

హిజ్రీ నాలుగవ శతాబ్దం, అనగా క్రీ.శ. పదవ శతాబ్దం నాటికి గర్భిణీ, శిశు సంరక్షణ ఒక ప్రత్యేక శాస్త్రశాఖగా రూపొందింది. దీనిని 'తద్‌బీర్' అనేవారు. ఆహార విహారాలను క్రమబద్ధం చేయటమని దీని భావం. నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నగరానికి చెందిన ఇబ్నుల్ జజ్జార్ పిల్లల పోషణపై 22 అధ్యాయాల గ్రంథం రచించాడు. నవజాత శిశువు సంరక్షణ, దాది ఎంపిక, పళ్లు వచ్చేటప్పటి బాధలు, పిల్లల వ్యాధులు, చివరకు వారి స్వభావం, శిక్షణ అందులోని విషయాలు. ఈయనే పేదల కొరకు సులభంగా దొరికే మందులతో వేరొక వైద్యగ్రంథం కూడా వ్రాశాడు. అదే శతాబ్దంలో ఖుర్తుబా (కార్డోవా) ఆస్థానంలో ఉన్న అరీబ్ బిన్ సఅద్ పిండోత్పత్తి, గర్భిణుల, శిశువుల సంరక్షణపై 15 అధ్యాయాల గ్రంథం వ్రాశాడు. మోసుల్ సమీపంలోని బలద్ పట్టణవాసి అహ్మద్ అల్-బలదీ ఈ విషయంపైనే తాను రచించిన గ్రంథాన్ని ఈజిప్టులో ఫాతిమీ మంత్రి యాఖూబ్ బిన్ కిల్లిస్‌కు సమర్పించాడు. అరీబ్ గ్రంథం 1956లో అల్జీర్సులో ఫ్రెంచి అనువాదంతోను, ఇబ్నుల్ జజ్జార్ గ్రంథం 1968లో ట్యూనిస్‌లోను, బలదీ గ్రంథం 1980లో బాగ్దాదులోను ముద్రితమైనాయి.

ఈ వారసత్వంలో హైదరాబాదుకు కూడా భాగమున్నది. 1888లో ఇక్కడ స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, అబూబకర్ అర్-రాజీ మహాగ్రంథమైన 'అల్-హావీ'ని 1955 నుండి 23 భాగాలుగా ప్రచురించింది. గర్భాశయ వ్యాధులు, గర్భధారణ అందులో విపులంగా చర్చించబడినాయి. ప్రపంచంలోని అరబ్బీ పండితులకు ఆ చర్చ అచ్చులో అందినది ఈ నగరం నుండే.

ముర్రుపాల వివాదం

ఇబ్ను సీనా (980-1037) తన 'ఖానూన్' మొదటి భాగంలో శిశుపోషణకు ప్రత్యేక స్థానమిచ్చాడు. గర్భంలో అందిన ఆహారానికి అన్నిటికంటె దగ్గరైనది తల్లిపాలేనని, పాలిచ్చే సహజ కాలం రెండేళ్లని వ్రాశాడు. బిడ్డకు మెల్లని ఊపు, జోలపాట రెండూ కావాలని, మొదటిది శరీరానికి, రెండవది మనసుకు మేలు చేస్తుందని చెప్పాడు. అయితే కాన్పయిన తొలి రోజుల్లో తల్లి దేహస్థితి కుదుటపడేదాకా వేరొక స్త్రీ పాలివ్వటం మంచిదని కూడా వ్రాశాడు. ఈ అభిప్రాయం ఆయనకంటె ఎంతో పాతది. క్రీ.శ. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు సొరానస్ తొలి దినాల తల్లిపాలను వద్దన్నాడు. గ్రీకు వైద్యంతో పాటు ఈ మాట అరబ్బీలోకి వచ్చి, వైద్యులను దాటి ధర్మవేత్తల దాకా ప్రాకింది. డమాస్కసు విద్వాంసుడు ఇబ్ను ఖయ్యిమ్ (1292-1350) నవజాత శిశువుల గురించి రచించిన 'తుహ్ఫతుల్ మౌదూద్'లో కూడా, ఆ పాలు చిక్కగా ఉంటాయి గనుక రెండు మూడు రోజులు ఇతరుల పాలు పట్టడం మేలని ఉన్నది.

ఇదే విషయంలో షాఫియీ ధర్మవేత్తలు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన నిర్ణయానికి వచ్చారు. ముర్రుపాలను అరబ్బీలో 'లిబా' అంటారు. దాది దొరికినప్పుడు ఆ తర్వాతి పాలివ్వమని తల్లిని నిర్బంధించకూడదు గాని, ముర్రుపాలు మాత్రం ఆమె ఇచ్చి తీరాలని ఇమామ్ నవవీ (1233-1277) తన 'మిన్‌హాజ్'లో వ్రాశారు. ఆ పాలు లేనిదే సాధారణంగా బిడ్డ బ్రతికి బట్టకట్టదన్నది ఆ మజ్‌హబ్ వారు చూపిన కారణం. హైదరాబాదులోని బార్కాసులో స్థిరపడిన హజ్రమౌత్ అరబ్బు కుటుంబాలు అనుసరించేది ఈ మజ్‌హబ్‌నే.

కాలం ఈ వివాదాన్ని తీర్చింది. ముర్రుపాలలో బిడ్డను అంటువ్యాధుల నుండి కాపాడే పదార్థాలు మెండుగా ఉన్నాయని ఆధునిక వైద్యం నిరూపించింది. పుట్టిన గంటలోపుగా తల్లిపాలు పట్టాలని, ఆరు మాసాల దాకా అవి తప్ప మరేమీ ఇవ్వరాదని, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇంత మాత్రాన ఇబ్ను సీనాను గాని, ఇబ్ను ఖయ్యిమ్‌ను గాని తక్కువ చేయనక్కరలేదు. వారు తమ కాలానికి అందిన వైద్యాన్ని నమ్మారు. వైద్యుల మాట మానవ ప్రయత్నం. అది తప్పు కావచ్చు, సరిదిద్దబడవచ్చు. దానిని వహీతో సమానంగా పట్టుకొని కూర్చోవటమే అసలు పొరపాటు. ఖుర్ఆన్ పేర్కొన్న రెండేళ్లలో తొలి మూడు దినాలకు మినహాయింపు లేదు.

నేటి ఇళ్లలో

ఈ చరిత్రను ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల ముస్లిం ఇళ్ల అలవాట్ల ప్రక్కన పెట్టి చూడటం అవసరం. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసే ఆచారం కొన్ని కుటుంబాల్లో పెద్దల మాటగా వచ్చింది. దానికి షరీఅత్‌లో ఆధారం లేదు. ఉన్నది ఒక పాత వైద్యాభిప్రాయం మాత్రమే. పుట్టిన బిడ్డకు తేనె, ఘుట్టీ నాకించటం కూడా అటువంటిదే. 'తహ్‌నీక్' గురించిన హదీసుల్లో దైవప్రవక్త (స) ఖర్జూరాన్ని నమిలి శిశువు అంగిలికి రాసినట్లు ఉన్నది. తేనె వల్ల ఏడాది లోపు పిల్లలకు ప్రాణాంతకమైన బొట్యులిజం వ్యాధి సోకే ప్రమాదమున్నదని నేటి వైద్యులు హెచ్చరిస్తున్నారు. తేనె పెద్దలకు స్వస్థత అయినంత మాత్రాన నెలల బిడ్డకు ఔషధం కాదు.

రమజాన్‌లో నీరసించిన గర్భిణి సడలింపును వినియోగించుకోవటానికి సిగ్గుపడితే, అత్తగారో తోడికోడలో ఏమనుకుంటారోనన్న భయమే తరచుగా దానికి కారణం. ఇక తొలి కాన్పు పుట్టింట్లో జరగటం ఈ ప్రాంతపు ఆచారం. కూతురు కన్నతల్లి దగ్గర సేదదీరటంలో తప్పేమీ లేదు. కాని కాన్పు ఖర్చు, ఆ పైన బాలింత తిండి, మందులు అన్నీ ఆమె తండ్రి నెత్తిన వేసి, బిడ్డ తండ్రి చేతులు దులుపుకోవటం 233వ ఆయత్ చెప్పిన దానికి విరుద్ధం. అప్పుచేసి కూతురి కాన్పు జరిపించిన ముసలి తండ్రికి కలిగేది కూడా నష్టమే.

ఇబ్ను ఖల్దూన్ 1377లో వ్రాసిన 'ముఖద్దిమా'లో మంత్రసాని వృత్తికి ఒక ప్రత్యేక ప్రకరణం కేటాయించి, పాలు మానే దాకా పసిబిడ్డల రుగ్మతలు ప్రవీణుడైన వైద్యునికంటె ఆ స్త్రీలకే బాగా తెలుసునని ఒప్పుకున్నాడు. అంతటి విద్వాంసుడు కూడా అనుభవం గల స్త్రీ మాటకు విలువనిచ్చాడు. ఈనాడు బాలింత ఉన్న ఇంట్లో సలహాలకు కొదువ లేదు; అత్త చెబుతుంది, పొరుగు చెబుతుంది, డాక్టరు చెబుతాడు. ఏ సలహా పాటించినా తల్లికి, బిడ్డకు దానివల్ల నష్టమా లాభమా అని మొదట విచారించాలి. ఆ విచారణ తల్లిని అడగటంతో మొదలుకావాలి. మదీనా మైదానంలో ఆ రాత్రి అసలు సంగతి తెలిసినది ఒక్క ఆమెకే.